సముద్రానికి ఊపిరాడకపోతే?

సుమారు 25.2 కోట్ల సంవత్సరాల క్రితం, పెర్మియన్ యుగాంతంలో, సముద్ర జీవజాతుల్లో 80 శాతానికి పైగా అంతరించిపోయాయి. డైనోసార్లను తుడిచిపెట్టిన విలయం కంటే ఇది పెద్దది. మూలం సైబీరియాలో పెల్లుబికిన లావా. అయితే సముద్రజీవులను చంపింది లావా కాదు, దాని వెంట గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ తెచ్చిన వేడి.

నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. పైపొర తేలికై కింది పొరతో కలవడం మానేస్తుంది కాబట్టి లోతులకు గాలి అందదు. మరోవైపు, వేడి నీటిలో జీవుల శరీరం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అవసరం పెరిగిన వేళకే సరఫరా తగ్గిందన్నమాట.

దీనికి రాళ్లే సాక్ష్యం. ఆక్సిజన్ ఉన్న సముద్రపు అడుగున పురుగులు మట్టిని తొలిచి కలగాపులగం చేస్తాయి. ఆక్సిజన్ లేనిచోట పొరలు చెదరకుండా మిగులుతాయి, వాటిలో పైరైట్ ఖనిజం చేరుతుంది. ఆనాటి శిలలు ఎన్నోచోట్ల ఇలాగే ఉన్నాయి. ఆ యుగసంధిని నమోదు చేసిన ప్రసిద్ధ శిలాశ్రేణి ఒకటి మన దేశంలోనే, శ్రీనగర్ సమీపంలోని గురుల్ రావైన్‌లో ఉంది.

2018లో అమెరికా శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాతో ఈ విలయాన్ని పునర్నిర్మించారు. సముద్రజీవుల నష్టంలో సగానికి పైగా వేడి, ఆక్సిజన్ కొరతలతోనే వివరించవచ్చని తేల్చారు. ఉష్ణమండల జీవులకు ధ్రువాల వైపు వలసపోయే దారి ఉంది. చల్లని నీటి జీవులకు పోవడానికి చోటే లేదు. అందుకే అక్కడ నష్టం ఎక్కువని నమూనా చెప్పింది, శిలాజాలూ అదే చూపించాయి.

ఇప్పుడు మన సంగతి. 1960 తర్వాత అర్ధ శతాబ్దంలో ప్రపంచ సముద్రాలు దాదాపు 2 శాతం ఆక్సిజన్ కోల్పోయాయి. ఆనాటి నష్టంతో పోలిస్తే ఇది చాలా స్వల్పం. కానీ నష్టం అంతటా సమానంగా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు బంగాళాఖాతంపై మూతలా పరుచుకుంటుంది. దాని కింద, సుమారు వంద మీటర్ల లోతు దాటాక, ఆక్సిజన్ ఇప్పటికే అతి తక్కువ. అక్కడ మిగిలింది అత్యల్ప జాడ మాత్రమేనని 2017లో ఒక పరిశోధన చూపింది.

ఆ పొర పైకి వస్తే చేపలు ఉపరితలానికి దగ్గరగా ఇరుక్కుంటాయి. అట్లాంటిక్ ఉష్ణమండల జలాల్లో ట్యూనాల విషయంలో ఇది గమనించారు. అప్పుడు వలకు చేప సులువుగా చిక్కుతుంది. జాలరికి అది మంచి సీజన్‌లా కనిపించవచ్చు, నిజానికి తరుగుతున్నది చేపలు బతికే చోటు.