మీకు తెలుసా? మట్టి యక్కరలేని పూలమొక్క

పూలమొక్క యనగానే కుండీయు మట్టియు స్ఫురించుట సహజము; కాని మన తూర్పు కనుమలలో చెట్ల కొమ్మల నంటి పెరుగు వాండా టెసలేటా యను ఆర్కిడ్‌ను ఇంట పెంచగోరువారు మొట్టమొదట మట్టినే మరువవలెను. ఇది బదనికవలె ఆశ్రయవృక్షపు రసమును పీల్చునది కాదు. కొమ్మను కేవలము ఆధారముగా గొని, గాలిలో వ్రేలాడు వేళ్లతోనే వాననీటిని గ్రహించును. ఆ వేళ్లపై వెలమెన్ అను మృతకణముల పొర యుండుటచేత, ఎండినపుడు తెల్లగా గనబడు వేరు, నీరు చిలుకరించిన కొలది నిమిషములలోనే పచ్చబడును. నీరు పోయవలెనో వలదో యని సందేహించువారికి ఇంతకంటె నమ్మదగిన సూచన లేదు. ఏలయన, ఇంట పెంచు ఆర్కిడ్లలో అనేకము దాహముచేత గాక, యజమాని అతిప్రేమతో పోసిన నీటిచేతనే కుళ్లి నశించుచుండును. కొబ్బరిపీచు, బొగ్గుముక్కలు వేసిన చిల్లులబుట్ట దీనికి చాలును.

విత్తనము మాట వేరు. ధూళివంటి ఆ గింజలో మొలకకు వలయు ఆహారము నిలువయుండదు గనుక, ప్రకృతిలో శిలీంధ్రము తోడ్పడినగాని అది పెరుగజాలదు. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నూడ్సన్, చక్కెర కలిపిన అగార్ అను జిగురుపదార్థముపై, శిలీంధ్రముతో పనిలేకయే మొలకలను సాధించినట్లు ప్రకటించెను. అంతటితో ఆర్కిడ్ పెంపకము అడవినుండి సీసాలోనికి మారినది. అయినను విత్తిన పిమ్మట తొలి పూవును చూచుటకు నేటికిని కొన్ని సంవత్సరములు పట్టును.