అటకమీది కంప్యూటరుకు కరెంటు పెట్టే ముందు

1990 తర్వాత కొన్న కంప్యూటర్లు మన దిండిగల్లు తెలుగు ఇండ్లలో కొన్ని ఇంకను అటకలమీద ఉన్నవి. వాటి డిస్కులలో పెద్దలు టైపు చేయించిన వంశావళులు, చీటీ లెక్కలు ఉండును. సెలవులలో మనుమడు దానిని దించి, దుమ్ము దులిపి, "తాతా, స్విచ్చి వేయనా?" అనును. వేయనీయవద్దని మా మనవి. చెడిన పవర్ సప్లై తానొక్కతె పోదు. 5 వోల్టుల తీగలో అంతకు మించి పంపి డిస్కునుకూడ కాల్చివేయవచ్చును. తాళాల ఊరివారము మనము. బిగిసిన తాళమును బద్దలు కొట్టము గదా, ముందు నూనె చుక్క వేసి చూచెదము.

చిత్రమేమనగా, కొన్ని భాగములు వాడుకవలన గాక ఊరక ఉండుటవలననే చెడును. 1984లో కేంద్ర ప్రభుత్వము బడులలో 'క్లాస్' పథకము పెట్టినపుడు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చినవి. ఆ రకపు యంత్రముల పవర్ సప్లైలలో రిఫా వారి కాగితపు కెపాసిటర్లు ఉండెడివి. ఏండ్లు గడచిన కొద్దీ పైపూత బీటలు వారి, లోపలి కాగితము గాలిలోని చెమ్మను పీల్చును. కరెంటు తగిలిన కొంతసేపటికి అది పేలి గది నిండ పొగ! బీట కనబడినచో కొలతలతో పని లేదు, మార్పించవలసినదే.

ప్లగ్గు పెట్టకముందే బోర్డుకు, డిస్కుకు పోవు తీగలన్నీ ఊడదీయవలెను. వెనుక 115, 230 అని చిన్న స్విచ్చి ఉంటే అది 230 వైపు ఉండవలెను. లేకున్న మన కరెంటుకు క్షణములో పోవును. మూత విప్పుట తెలిసిన మెకానిక్కు పని. ప్లగ్గు తీసిన తర్వాతకూడ లోపలి పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల వరకు నిలిచి ఉండవచ్చును. స్క్రూడ్రైవరు తాకించి మెరుపులు చూపే మహానుభావులు లేకపోలేదు. రెసిస్టరు గుండా దించుటయే పద్ధతి.

ఆపైన సీరీస్ బల్బు. 100 వాట్ల పాత గుండు బల్బును కరెంటు దారిలో వరుసగా కలిపిన బోర్డిది. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారినచో లోపల షార్టు లేదన్నమాట. నిండుగా వెలుగుచునే యున్నచో వెంటనే ఆపవలెను.

ఇది దాటిన సప్లైని నేరుగా కరెంటుకు పెట్టవచ్చును. 1995 తర్వాతి ఏటీఎక్స్ రకమైతే ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపిననే నడచును. పనిభారము లేనిదే కొన్ని సరిగా నడవవు గనుక, ముందుగానే ఎరుపు నలుపుల మధ్య ఒకటి, పసుపు నలుపుల మధ్య ఒకటి మోటారుసైకిలు 12 వోల్టుల బల్బులు తగిలించి, మీటరుతో చూడవలెను. ఎరుపున 4.75 నుండి 5.25, పసుపున 11.4 నుండి 12.6 వోల్టులు రావలెను. అరగంట నిలిచిన తర్వాత బోర్డు కలుపవచ్చును. డిస్కు అన్నిటికన్న చివర. అది తిరిగిన తోడనే, మనుమడు ఆటలకు దిగకముందే, వంశావళిని మరొక చోటికి నకలు తీయించండి.