పాట ఎందుకు మూగబోయింది?

పాతకాలపు రేడియోకు సాధారణంగా రెండు మీటలు ఉండేవి. ఒకటి తిప్పితే స్టేషను మారేది. రెండోది తిప్పితే శబ్దం హెచ్చేది. కంప్యూటరులో పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి మీటలూ ఉండవు, తెర మీద బొమ్మా కనిపించదు. మరి మనకేం కావాలో వాటికి ఎలా చెప్పాలి? ఒక ఫైలులో రాసిపెట్టాలి. దీన్నే కాన్ఫిగరేషన్ ఫైలు, అంటే అమరికల ఫైలు అంటారు.

లినక్స్ కంప్యూటర్లలో వాడే 'మ్యూజిక్ ప్లేయర్ డీమన్' ఇటువంటిదే. ఇది 2003లో మొదలైంది. తెరవెనుక ఉండి పాటలు వినిపిస్తుంది. దాని ఫైలులో ముఖ్యంగా ఏముంటాయో చూడండి.

మొదటిది, పాటలు ఏ ఫోల్డరులో ఉన్నాయన్నది. రెండోది, శబ్దాన్ని ఏ దారిన స్పీకరుకు పంపాలన్నది. మూడోది, ఆజ్ఞలను ఏ పోర్టులో అందుకోవాలన్నది. మామూలుగా ఇది 6600. కావాలంటే శబ్దం కొలతలను కూడా 44100:16:2 అని రాయవచ్చు. అంటే శబ్ద తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలవాలి. ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాయాలి. కుడి, ఎడమ కలిపి 2 దారులుండాలి. అన్నిసార్లు ఎందుకంటారా? మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. వాటిని పట్టుకోవాలంటే కొలతలు అందుకు రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి.

ఇక మా బడిలో జరిగిన సంగతి వినండి. ఉదయం ప్రార్థన గీతం వినిపించడానికి ఒక పాత కంప్యూటరులో ఈ ఏర్పాటు చేశాను. మర్నాడు పిల్లలంతా బారులు తీరి నిలబడ్డారు. పాట రాలేదు! "స్పీకరు పాడైంది, కొత్తది కొనాలి" అన్నారు కొందరు. నేను కంగారుపడి ఫైలులో మూడు చోట్ల ఒకేసారి మార్చాను. పాట రాలేదు సరికదా, దేనివల్ల ఏమైందో కూడా తెలియకుండా పోయింది.

అదృష్టవశాత్తు అసలు ఫైలుకు నకలు దాచి ఉంచాను. దాన్ని తిరిగి పెట్టి, ఒక్కొక్కటే పరీక్షించాం. స్పీకరుకు వేరే శబ్దం పంపితే మోగింది. కనుక స్పీకరు తప్పు కాదు. పాటల జాబితా చూస్తే ఖాళీ! కనుక తప్పు ఫోల్డరు పేరులోనే ఉండాలి. నిజమే, ఫోల్డరు పేరు ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలైతే, నేను చిన్నక్షరంతో రాశాను. లినక్స్‌కు ఈ రెండూ వేర్వేరు పేర్లు. అక్షరం దిద్ది, సాఫ్ట్‌వేరును మళ్ళీ మొదలుపెట్టి, జాబితాను కొత్తగా తయారు చెయ్యమన్నాం. పాట మోగింది! కొత్త స్పీకరు ఖర్చు తప్పింది.

లోలకం ప్రయోగంలో మీరు ఏం చేస్తారు? దారం పొడవు మార్చేటప్పుడు గుండును మార్చరు కదూ! ఇక్కడా అంతే. మార్చే ముందు నకలు తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూడండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఆ ఫైలులోనే రాసుకోండి. వరస మొదట # గుర్తు పెడితే యంత్రం ఆ వరసను వదిలేస్తుంది.

యంత్రం మన మనసులో ఉన్నది చదవదు, మనం రాసింది చదువుతుంది. ఈసారి మీ ఇంట్లో పాట మూగబోతే, స్పీకరును తిట్టే ముందు ఏం రాశారో ఒకసారి చూడండి!