నడుమునొప్పి గల స్త్రీలకు మంచమా? నడకా?

నడుమునొప్పికి నూనె కొరకై రాజమహేంద్రవరములోని నా వైద్యశాలకు కోనసీమ నుండి ఒక గృహిణి వచ్చిరి. పది మెట్లెక్కునప్పటికే ఆయాసముతో బల్లపై కూలబడిరి. "ఏడాదిబట్టి మంచమే మందండీ" అనిరి. ఆ మాటకు సిగ్గుపడితిని. మునుపు నేనును పలువురికి కదలవద్దని చెప్పి పంపినవాడనే.

పన్నెండు వారములు దాటిన నొప్పి దీర్ఘకాలిక కటిశూల. నొప్పి భయముతో కదలిక తగ్గును. కదలిక తగ్గినకొలది గుండె, ఊపిరితిత్తులు, కండరములు ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి సన్నగిల్లును. దీనినే ఏరోబిక్ సామర్థ్యమందురు. మన వాడుకలో దమ్ము. దమ్ము తగ్గినచో బిందెడు నీళ్ళు మోసినను అలసట, అలసిన కండరములు నడుమును నిలుపజాలవు, మరల నొప్పి! తైలమర్దనము, వావిలాకు కాపడము హాయినిచ్చును గాని దమ్మును పెంచవు.

"రోజంతయు ఇంటిపని చేయుచునే యున్నాము గదా!" అని మీరనవచ్చును. ఇల్లు తుడుచుట, వరినాట్లు వేయుట కష్టమే; కాని వంగి చేయు ఆ శ్రమ నడుముపైనే భారము మోపును. నిటారుగా, ఎడతెగక సాగు నడక వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ నొప్పికి వ్యాయామమును సూచించినది. నడుముపట్టీలను మాత్రము సాధారణ చికిత్సగా వలదన్నది. ఆస్ట్రేలియాలో నొప్పి తగ్గిన 701 మందిపై జరిపిన పరిశీలన 2024లో వెలువడినది. నడకతోపాటు తగిన బోధన పొందినవారికి నొప్పి తిరుగబెట్టుటకు సుమారు 208 దినములు పట్టినది. తక్కినవారికి 112 దినములే.

కాలువగట్టుపైనో, గోదావరి గట్టుపైనో మొదట పది నిమిషములు నడువుడు. వారమునకు రెండేసి నిమిషములు పెంచుచు అరగంటకు చేరుడు. వారమునకు ఐదు దినములు చాలును. నడుచుచు మాటలాడగలుగవలెను, పాట పాడలేకపోవలెను. అదియే తగిన వేగము. బలవంతులు సైతము శక్తిలో సగము మేరకే, అదియు చలికాలమున, వసంతమున వ్యాయామము చేయవలెనని, తక్కిన ఋతువులలో ఇంకను మితముగా చేయవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పెను. మన రోహిణీకార్తె ఎండలకు ఈ నియమము మరీ తగును. సూర్యోదయమునకు ముందే ముగింపుడు.

ఆ గృహిణికి నొప్పి పూర్తిగా పోలేదు. కాని మూడు నెలల పిమ్మట మెట్లెక్కి వచ్చి, నిలబడియే మాటలాడిరి.

కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మలమూత్రములపై అదుపు తప్పినను, జ్వరముతో నొప్పి వచ్చినను, పెద్ద వయసున జారిపడి నొప్పి మొదలైనను నడక ఆరంభింపక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. గుండెజబ్బు గలవారు వైద్యుని అనుమతి పొందిన పిదపనే నడకకు పూనుకొనవలెను.