త్వరగా పెరిగే కోడి, ఆకలికి ఆగే కోడి

పై వీడియోలో ఖాళీ షెడ్డు చూశారు కదా, దాని వెనక కథ ఇది.

పోయిన వానాకాలం మా ఊరి వాగు పొంగి నాలుగు రోజులు దారి తెగిపోయింది. ఉన్న దాణా బస్తాలు తడిసి బూజు పట్టాయి. అప్పటికి షెడ్డులో 38 రోజుల బ్రాయిలర్లు 60, పెరట్లో నాటుకోళ్లు 25. దారి తెరుచుకునేసరికి బ్రాయిలర్లు 19 పోయాయి. మిగిలినవి తూకం పడిపోయాయి. నాటుకోళ్లు చిక్కాయి గానీ ఒక్కటీ పోలేదు. షెడ్డులో తడి ఎక్కువ, నిజమే. నాటువి పెంటకుప్ప గీరి పురుగులు ఏరుకున్నాయి, అదీ నిజమే. కానీ అసలు తేడా ఒంట్లోనే ఉంది.

తిన్న తిండి ఒక్కటే, ఖర్చులు చాలా. పెరగడానికి ఎక్కువ పెడితే కరువు రోజుకి దాచేది తగ్గుతుంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి రకం కోళ్లనీ, 2005 నాటి బ్రాయిలర్లనీ ఒకే దాణా మీద పెంచారు. 56 రోజులకి పాతవి 905 గ్రాములు, కొత్తవి 4,202 గ్రాములు! అంటే పెరుగుదల దాణాలో లేదు, జాతిలో ఉంది. అంత ఒంటికి రోజువారీ ఖర్చూ ఎక్కువే. తిండి ఆగితే తట్టుకోవడం కష్టం.

దీనికి తిరగేసిన లెక్క పండ్ల ఈగల్లో కనిపిస్తుంది. ల్యాబుల్లో ఆకలికి ఆగిన ఈగలనే తరతరాలుగా ఎంచుకుంటూ పోతే, వాటి సంతానం ఒంట్లో కొవ్వు ఎక్కువ దాచుకుంది. ఎక్కువ రోజులు ఆకలికి నిలబడింది. కానీ పురుగు దశ నెమ్మదిగా సాగింది. ఏదీ ఉచితంగా రాదు.

మన పొదుగు పెట్టనే చూడండి. 21 రోజులు గుడ్ల మీద కూర్చుని, ఎప్పుడో దిగి నాలుగు గింజలు తింటుంది. మిగతా అంతా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే. ఆ ఓర్పు ఉన్న కోడిని 40 రోజుల్లో రెండు కిలోలు రమ్మంటే ఎలా వస్తుంది?

అందుకే జాతిని ఎంచుకునే ముందు మీ పరిస్థితి చూసుకోండి. రోజూ దాణా, కరెంటు, మార్కెట్ ఖాయంగా ఉంటే బ్రాయిలర్ లెక్క వేరు. పెరట్లో తిరిగి మేసేదైతే నాటుకోడి, లేదా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా లాంటివి నయం. నేనైతే బ్రాయిలర్లు మానేశాను. ఇప్పుడు వారం దాణా ఎత్తైన మంచె మీద పెడుతున్నాను, అది వీడియో చివర్లో చూపించాను.