ఆస్పత్రులలో మందుల చీటీ లోపాల నివారణ – రోగి భద్రతకు తొలి మెట్టు

రోగికి స్వస్థత చేకూర్చవలసిన ఔషధమే, చీటీ వ్రాయడంలో జరిగే చిన్న పొరపాటు వలన ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఈ ప్రమాదాన్ని గుర్తించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, నివారించదగిన తీవ్ర ఔషధ హానిని అయిదేళ్ళలో సగానికి తగ్గించాలనే లక్ష్యాన్ని 2017 మార్చిలో ప్రకటించింది. ఔషధ లోపాల వలన ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 4,200 కోట్ల డాలర్ల భారం పడుతున్నదని ఆ సందర్భంగా అంచనా వేసింది. 2022 సెప్టెంబరు 17న జరిగిన ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి సైతం ఇదే అంశాన్ని ఎంచుకున్నది.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

మందు పేరు, మోతాదు, వేళ, వ్యవధి – వీటిలో ఏది అస్పష్టంగా ఉన్నా ప్రమాదమే. 5.0 మిల్లీగ్రాములని వ్రాస్తే చుక్క కనిపించక 50గా చదివే అవకాశమున్నది. ఇన్సులిన్ 10 యూనిట్లకు బదులు అంకె ప్రక్కన ఇంగ్లీషు 'యు' అక్షరం మాత్రమే వ్రాస్తే, అది సున్నాగా కనిపించి 100 యూనిట్లుగా మారవచ్చు. కీళ్ళవాతానికి వారానికొకసారి మాత్రమే వాడవలసిన మెథోట్రెక్సేట్‌ను ప్రతిరోజూ వాడితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాంతకమవుతుంది.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, 250 మిల్లీగ్రాములు అనే వేర్వేరు గాఢతలలో లభిస్తున్నది. చీటీలో 'ఒక చెంచా' అని మాత్రమే ఉంటే, సీసా మారినప్పుడు బిడ్డకు రెట్టింపు మందు పడుతుంది. రక్తపోటుకు వాడే హైడ్రాలజిన్, దురదకు వాడే హైడ్రాక్సిజిన్ వంటి ఒకే పోలికగల పేర్లు కూడా గందరగోళానికి కారణమవుతున్నాయి.

నిబంధనలు ఏమంటున్నాయి?

భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళిని 2016లో సవరించి, మందులను జనరిక్ పేర్లతో, చదవగలిగే విధంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయాలని నిర్దేశించింది. చదవగలిగే మందుల చీటీ పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2025 ఆగస్టులో స్పష్టం చేసింది.

నివారణ మార్గాలు

వీటిలో అనేకం ఖర్చులేనివే. పూర్ణాంకం తరువాత చుక్క, సున్నా వ్రాయరాదు. ఒకటికన్నా తక్కువ మోతాదుకు చుక్క ముందు సున్నా తప్పనిసరిగా ఉంచాలి. 'యూనిట్లు', 'మైక్రోగ్రాములు' అన్న పదాలను పూర్తిగా వ్రాయాలి. పిల్లల చీటీపై బరువును, ప్రతి రోగి చీటీపై మందుల అలర్జీ వివరాలను నమోదు చేయాలి. రోగి చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి వెళ్ళేటప్పుడు అప్పటివరకు వాడుతున్న మందులన్నిటినీ కొత్త చీటీతో సరిపోల్చాలి. వార్ఫరిన్ వాడుతున్న రోగికి తెలియక నొప్పి మాత్రలు వ్రాసి రక్తస్రావానికి కారణమయ్యే ప్రమాదం ఈ దశలోనే బయటపడుతుంది. అత్యవసర సమయంలో నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని నర్సు తిరిగి చదివి వినిపించి ధ్రువీకరించుకోవాలి.

కంప్యూటర్ ద్వారా చీటీలు జారీచేస్తే చేతివ్రాత సమస్య తొలగుతుంది. అయితే జాబితాలో పక్కనున్న మందును ఎంపిక చేయడం, పదేపదే వచ్చే హెచ్చరికలను చదవకుండానే దాటవేయడం వంటి కొత్త పొరపాట్లకు అవకాశమున్నందున మానవ పరిశీలన తప్పనిసరి. దేశంలో 2008లో ప్రారంభమైన ఫార్మ్-డి కోర్సులో శిక్షణ పొందిన క్లినికల్ ఫార్మసిస్టుల సేవలను వార్డులలో వినియోగించుకోవడం, చీటీలను నిర్ణీత కాలవ్యవధిలో తనిఖీ చేయడం ఇందుకు తోడ్పడతాయి.

దాచితే పునరావృతం

పొరపాటును శిక్షకు భయపడి దాచిపెడితే, అదే పొరపాటు మరొక వార్డులో పునరావృతమవుతుంది. కనుక లోపాన్ని నివేదించిన సిబ్బందిని నిందించక, కారణాన్ని సరిదిద్దే వాతావరణాన్ని కల్పించడం ఆస్పత్రి అధికారుల బాధ్యత. మందుల వలన కలిగిన హానిని 2010లో ప్రారంభమైన భారత ఔషధ నిఘా కార్యక్రమం సహాయవాణి 1800-180-3024 ద్వారా వైద్య సిబ్బందితోపాటు ప్రజలూ తెలియజేయవచ్చు. ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్ళు వాడాలో వైద్యుని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. ఓపికగా వివరించడం వైద్యుని కర్తవ్యం.