పండగింట్లో హత్యా?!

పండగ పూట చావు మాట నోట్లోంచి రానివ్వరు మన పెద్దవాళ్లు. "శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ మాటలేమిటే?" అని కసురుకుంటారు. ఇంగ్లండులో మాత్రం వ్యవహారం తిరగబడింది. క్రిస్మస్ వచ్చిందంటే చెట్టుకి దీపాలు కట్టడం ఎంత మామూలో, రగ్గు కప్పుకుని ఓ హత్య నవల చదువుకోవడం అక్కడ చాలామందికి అంత మామూలు. ఆ హత్య కూడా ఎక్కడో ఊరవతల జరిగితే కుదరదు. పండగ చేసుకునే ఇంట్లోనే, చుట్టాలంతా దిగినప్పుడే, విందు భోజనానికి కాస్త అటూ ఇటూగా జరగాలి!

ఇదేం సరదా అనిపిస్తోంది కదూ? నాకూ అలాగే అనిపించేది. కానీ ఈ నవలలు వరసగా చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. వీటిని రాసినవాళ్లలో ఆడవాళ్లు బాగా ఎక్కువ. అగాథా క్రిస్టీ, జార్జెట్ హెయర్, మేవిస్ డోరియల్ హే, నైయో మార్ష్... పండగ నాడు ఇల్లెలా నడుస్తుందో, ఎవరి నవ్వు వెనకాల ఏ ఏడుపు దాగుందో తెలిసినవాళ్లు. అందుకేనేమో, కత్తి కంటే ముందు వాళ్ల చూపు భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాల మీద పడుతుంది.

బాతు కడుపులో మణి

డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గూకుతుంది. కరెంటు లేని రోజుల్లో అంత పొడుగు రాత్రి ఏం చేస్తారు? పొయ్యి చుట్టూ చేరి దెయ్యం కథలు చెప్పుకునేవారు. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్' కూడా దెయ్యాల కథే. పండగ, భయం అక్కడ ఎప్పటినుంచో జంటగానే ఉన్నాయి.

దెయ్యం స్థానంలోకి నెమ్మదిగా దొంగ వచ్చాడు. ఆర్థర్ కోనన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి 1892 జనవరిలో 'స్ట్రాండ్' పత్రికలో వచ్చింది. ఓ హోటల్లో పనిచేసే మనిషి, అక్కడ దిగిన జమీందారిణి నీలిమణిని కాజేస్తాడు. నేరం ఓ అమాయకుడైన పనివాడి మీదికి తోసేస్తాడు. వాళ్లక్క పెరట్లో బాతుల్ని పెంచుతుంటుంది. పండగకి తనకిస్తానన్న బాతు గొంతులోకి ఆ మణిని కుక్కేస్తాడు. తీరా చూస్తే బాతు మారిపోతుంది! చివరికి దొంగ దొరికినా, ఇది క్షమించాల్సిన రోజులు కదా అని హోమ్స్ వాణ్ని వదిలేస్తాడు.

1930ల కొచ్చేసరికి ఆ క్షమాగుణం కాస్తా ఎగిరిపోయింది. 1936లో మేవిస్ డోరియల్ హే 'ది శాంటా క్లాజ్ మర్డర్' రాసింది. కూతుళ్లు ఎవర్ని చేసుకోవాలో కూడా తనే తేల్చాలనుకునే ఓ సంపన్నుడు, పండగకి పిల్లలందర్నీ పిలిచి, తన గదిలోనే తుపాకి గుండుకి బలవుతాడు. మరుసటి ఏడు జెఫర్సన్ ఫార్జన్ 'మిస్టరీ ఇన్ వైట్' వచ్చింది. పండగ ముందురోజు మంచులో రైలు ఆగిపోతుంది. కొందరు ప్రయాణికులు దిగి, పడుతూ లేస్తూ ఓ ఇంటికి చేరతారు. పొయ్యి మండుతోంది, కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నాయి, బల్ల మీద టీ సరంజామా అమర్చి ఉంది. మనిషి మాత్రం లేడు! ఎవరికీ గుర్తులేకుండా పోయిన ఈ నవలని బ్రిటిష్ లైబ్రరీ 2014లో మళ్లీ అచ్చు వేస్తే, ఆ క్రిస్మస్‌కి జనం ఎగబడి కొన్నారు.

బావగారి కోరిక

అగాథా క్రిస్టీకి పదకొండేళ్లప్పుడు, 1901లో తండ్రి పోయాడు. ఆ తర్వాత తల్లీకూతుళ్లు పండగకి అక్క అత్తవారింటికి వెళ్లేవారు. ఉత్తర ఇంగ్లండులో ఉన్న ఆ పెద్ద భవంతి పేరు యాబ్నీ హాల్. అక్కడ తిన్న టర్కీ కోడి వంటకాల గురించీ, పుడ్డింగుల గురించీ డెబ్భయ్యో ఏట పడ్డాక కూడా ఆవిడ నోరూరేలా రాసుకుంది.

అంత హాయిగా గడిచిన పండగల్లోకి రక్తం ఎలా వచ్చింది? బావగారి వల్లే! అక్క భర్త జేమ్స్‌కి ఆవిడ నవలలంటే ఇష్టం. కాకపోతే హత్యలు మరీ నాజూగ్గా తయారవుతున్నాయనీ, రక్తం ఏరులై పారే హత్య ఒకటి కావాలనీ ఆయన ఫిర్యాదు. సరేనని 1938లో 'హెర్క్యూల్ పొయరోస్ క్రిస్మస్' రాసి, ఆయనకే అంకితమిచ్చింది.

కథ డిసెంబరు 22న మొదలై 28న ముగుస్తుంది. సిమియన్ లీ అనే ముసలాయన దక్షిణాఫ్రికా వజ్రాల్లో కోట్లు గడించాడు. ఎన్నో ఏళ్లుగా మొహం చూపించని కొడుకులతో సహా అందర్నీ పండగకి రమ్మంటాడు. ప్రేమ పొంగుకొచ్చి కాదు. అందర్నీ ఎదుట కూర్చోబెట్టుకుని, వీలునామా మారుస్తున్నానని లాయరుకి ఫోను చేసి వాళ్ల చెవిన పడేస్తాడు. మీలో ఒక్కడూ మగాడు కాదని ఎత్తిపొడుస్తాడు. వాళ్లు గిలగిలలాడుతుంటే చూసి ఆనందించడం ఆయనకో వినోదం. ఆ రాత్రే మేడ మీద సామాన్లు విరిగిపడ్డ చప్పుడు, వెనకే ఓ భయంకరమైన కేక. తలుపు బద్దలుకొట్టి చూస్తే లోపల రక్తపు మడుగు! సానబెట్టని వజ్రాలు మాయం. హంతకుడెవరో చెప్పను లెండి, చదువుకోండి.

పండగ నాడు నేరాలేమిటండీ అని ఓ పోలీసు అధికారి అంటే డిటెక్టివ్ పొయరో ఒప్పుకోడు. ఏడాదంతా పడనివాళ్లు ఒకచోట చేరతారు, మితిమీరి తింటారు, అజీర్తి చేస్తుంది, చిరాకు పుడుతుంది. లోపల కుతకుతలాడుతున్నా పైకి నవ్వాలి. ఆ బిగపట్టడమే ప్రమాదమంటాడు. అన్నదమ్ములూ, తోడికోడళ్లూ చేరిన ఇంట్లో సంక్రాంతికి పొయ్యి దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు!

ముగ్గురు కోడళ్లు

ఈ నవలలో నన్ను పట్టుకున్నది హత్య కాదు, ఆ ఇంటి కోడళ్లు. పెద్దకోడలు లిడియా మావగారి ఇంట్లోనే ఉంటూ ఆ ఇంటి మంచీ చెడూ చూసుకుంటుంది. ఆయన తన భర్తని ఎలా ఆడిస్తున్నాడో ఆవిడకి తెలుసు. చెబితే భర్త వినిపించుకోడు. తీరిక దొరికితే రాతి తొట్లలో బుల్లి బుల్లి తోటలు పెంచుకుంటుంది. అంత పెద్ద భవంతిలో ఆవిడ సొంతం అనుకోదగ్గవి అవేనేమో! ఇంకో కోడలు హిల్డా, చిన్ననాటి గాయం మానని భర్తని పసివాడిలా కాచుకుంటూ ఉంటుంది. మరో కోడలు మాగ్డలీన్‌కి చీటికీ మాటికీ డబ్బు కావాలి. ఇంట్లో మంట రాజుకుంటోందని పోలీసులకంటే ముందు ఆడవాళ్లకి తెలుసు. తెలిసీ బల్ల మీద పళ్లేలు సర్దుతూనే ఉంటారు.

ఎవరూ దర్యాప్తు చెయ్యని చావు

ఈ పండగ నవలల్లో ఒక పోలిక చూడండి. హే నవలలో చచ్చిపోయేది డబ్బు సంచి చేతిలో పెట్టుకున్న ఇంటిపెద్ద. క్రిస్టీ నవలలోనూ అంతే. 1941లో జార్జెట్ హెయర్ రాసిన 'ఎన్వియస్ కాస్కా'లోనూ డబ్బున్న ఇంటి యజమానే. ఆడించేవాడే పడిపోతాడు.

బయట లెక్క వేరు. 2023లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 85,000 మంది స్త్రీలు, బాలికలు హత్యకు గురైతే, అందులో 51,100 మందిని చంపింది భర్తో, సహచరుడో, కుటుంబంలోని మరొకరో అని ఐక్యరాజ్యసమితి అంచనా కట్టింది. అంటే రోజుకి 140 మంది! హంతకుడు ఇంట్లోవాడే అన్న సంగతి ఈ రచయిత్రులు కల్పించింది కాదన్నమాట. చచ్చేదెవరన్నదే వాళ్లు తారుమారు చేశారు.

సిమియన్ లీకి అడిలైడ్ అని భార్య ఉండేది. భర్త తిరుగుళ్లతో, అవమానాలతో కుమిలి కుమిలి, కథ మొదలవడానికి చాలా ఏళ్ల ముందే పోయింది. అమ్మని నాన్నే చంపేశాడని ఒక కొడుకు గుండెల్లో ఉండిపోయింది. ముసలాయన చావుకి పోలీసులొచ్చారు, పొయరో వచ్చాడు, ఏ నిమిషాన ఎవరెక్కడున్నారో లెక్క తీశారు. అడిలైడ్ చావుకి ఎవరొచ్చారు? ఎవర్ని అడిగారు? మేడ మీద కేక ఒక్కసారి వినిపిస్తే ఇల్లంతా పరుగెత్తింది. ఏళ్ల తరబడి ఆవిడ లోలోపల పెట్టిన కేక ఎవరి చెవికీ చేరలేదు.

అందుకే ఈ నవల చేతికొస్తే, హంతకుణ్ని పట్టుకునే హడావుడిలో అడిలైడ్‌ని దాటెయ్యకండి. నవలలో అయితే ఆఖరి అధ్యాయంలో డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టి నిజం చెప్పిస్తాడు. మన ఇళ్లకి డిటెక్టివ్ రాడు కదా! పండగకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని అందరి ముందూ "బాగున్నావా?" అంటే "బాగున్నా" అనే అంటుంది. డాబా మీద బట్టలు తీస్తున్నప్పుడో, రాత్రి పక్కలు వేస్తున్నప్పుడో, ఒంటరిగా దొరికితే ఇంకోసారి అడగండి. జవాబు వెంటనే రాకపోతే కాసేపు అక్కడే కూర్చోండి. పిండివంటలు కాస్త ఆలస్యమైతే కొంపలేం మునగవు.